సైనిక్ స్కూల్ ఆరో తరగతి ఎంట్రన్స్: పోలిక ప్రశ్నల్లో ముందు వాక్యం, తర్వాతే ఆప్షన్లు

"కుమ్మరి : కుండ :: నేతగాడు : ?" అని ప్రశ్న. కింద మగ్గం, నూలు, బట్ట, రంగు అని నాలుగు ఆప్షన్లు. నేతగాడు అనగానే పదేళ్ల పిల్లల కళ్లముందు కదిలేది మగ్గం. చాలామంది దానికే గుండ్రం దిద్దేస్తారు. నేతగాడికీ మగ్గానికీ గట్టి సంబంధమే ఉంది, అందులో తప్పులేదు. కానీ ప్రశ్న అడుగుతున్నది వేరు. కుమ్మరికి కుండ ఎలాగో నేతగాడికి ఏది అలాగ? కుమ్మరి చేసేది కుండ. నేతగాడు నేసేది బట్ట.

పోలిక ప్రశ్నల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మంచి ప్రశ్నలో నాలుగు ఆప్షన్లూ మూడో మాటకు చుట్టాలే అయి ఉంటాయి. మగ్గం పనిముట్టు, నూలు ముడిసరుకు, రంగు అద్దకానికి కావాల్సింది. వాటిని కావాలనే అలా ఏరి పెడతారు. "నేతగాడికి ఏది దగ్గర?" అని వెతికితే నాలుగూ దగ్గరగానే కనిపిస్తాయి. ఏ చుట్టరికం కావాలో చెప్పేది మొదటి జత ఒక్కటే. అందుకే పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఒకే అలవాటు నాటాలి: మొదటి జతకు నోటితో ఒక వాక్యం చెప్పకుండా ఆప్షన్ల వైపు చూడకూడదు.

పరీక్షలో దీని చోటు

సైనిక్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష ఆరో తరగతికి మొత్తం 300 మార్కులు, 125 ప్రశ్నలు, 150 నిమిషాలు. లెక్కలు 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కుల చొప్పున 150. భాష, జనరల్ నాలెడ్జ్, ఇంటెలిజెన్స్ ఒక్కోటి 25 ప్రశ్నలు, ప్రశ్నకు 2 మార్కుల చొప్పున 50. పోలిక ప్రశ్నలు వచ్చేది ఇంటెలిజెన్స్ విభాగంలో. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ప్రతి విభాగంలో కనీసం 25 శాతం, మొత్తం మీద 40 శాతం రావాలి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఈ కనీస మార్కుల నిబంధన లేదు). ఇంటెలిజెన్స్‌లో 25 శాతం అంటే ఏడు ప్రశ్నలు సరిగ్గా చేస్తే దాటిపోతుంది. కానీ కోరుకొండ సైనిక్ స్కూల్లోనో కలికిరి సైనిక్ స్కూల్లోనో సీటు రావాలంటే దాటడం సరిపోదు, ఆ యాభైలో నలభైకి పైన తెచ్చుకోవాలనే చదివించాలి.

సమయం లెక్క చూడండి. సగటున ప్రశ్నకు 72 సెకన్లు. లెక్కలకు 85 నిమిషాలు ఇస్తే మిగిలిన 75 ప్రశ్నలకు 65 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 52 సెకన్లు. బొమ్మల ప్రశ్నలు అంతకంటే ఎక్కువ తింటాయి. కాబట్టి మాటల పోలిక ఒక్కోటి 30 సెకన్లలో తేలిపోవాలి. వాక్యం చెప్పుకోవడం సమయం వృథా అని పిల్లలు అనుకుంటారు. అలవాటైతే వాక్యానికి పట్టేది మూడు నాలుగు సెకన్లు. వాక్యం లేకుండా నాలుగు ఆప్షన్ల మధ్య తిరగడానికి పట్టేది నిమిషం.

ఆరో తరగతి పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. దరఖాస్తులోనే మాధ్యమం ఎంచుకోవాలి. పోలిక ప్రశ్నలు తెలుగులో తేలిక అనో ఇంగ్లిషులో తేలిక అనో చూసి మాధ్యమం నిర్ణయించకండి. సగం మార్కులు లెక్కలవి. పిల్లలు గుణిజం, భిన్నం, చుట్టుకొలత అనే మాటలతో లెక్కలు నేర్చుకున్నారా, ఇంగ్లిషు మాటలతోనా అన్నదే చూడండి.

నవోదయ ఆరో తరగతి పరీక్షకు కూడా చదువుతున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి మానసిక సామర్థ్య విభాగంలో 40 ప్రశ్నలూ బొమ్మలే, మాటల పోలిక ఉండదు. అయినా పద్ధతి పనికొస్తుంది. "లోపలి ఆకారం బయటికి వచ్చి నల్లబడింది" అని బొమ్మకు కూడా వాక్యం చెప్పుకోవచ్చు.

గుర్తులు చదివే తీరు

":" ఉన్నచోట "కి", "::" ఉన్నచోట "ఎలాగో, అలాగే" అని పైకి చదివించండి. "కుమ్మరికి కుండ ఎలాగో, నేతగాడికి ఏది అలాగే?" మన భాషలో ఈ వాక్యం సహజంగా వస్తుంది. మొదటి వారం ప్రతి ప్రశ్ననూ ఇలా పైకే చదవాలి. చుక్కలను మింగేసి "కుమ్మరి కుండ నేతగాడు" అని గబగబా చదివే పిల్లలకు అవి మూడు విడి మాటలుగా కనిపిస్తాయి. జతలుగా కనిపించవు.

వాక్యం కట్టడం

వాక్యంలో రెండు మాటలూ ఉండాలి. మొదటి మాట ముందు రావాలి. నాలుగైదు మాటలకు మించకూడదు. అన్నిటికంటే ముఖ్యం, క్రియ పదునుగా ఉండాలి.

"కుమ్మరికీ కుండకూ సంబంధం ఉంది" అన్నది వాక్యమే కాదు. "కుమ్మరి దగ్గర కుండ ఉంటుంది" అన్నది వదులు వాక్యం, ఎందుకంటే నేతగాడి దగ్గర మగ్గం ఉంటుంది, నూలు ఉంటుంది, బట్ట కూడా ఉంటుంది. "కుమ్మరి కుండ చేస్తాడు" అనగానే మూడు ఆప్షన్లు రాలిపోతాయి. పిల్లల వాక్యాల్లో ఉంటుంది, ఉంది, వాడతారు, సంబంధం అన్న నాలుగు మాటలు వినబడితే ఆపి, "ఇంకా గట్టిగా చెప్పు" అనండి. ఉంటుంది అంటే ఎలా ఉంటుంది? భాగంగానా, నివాసంగానా, పనికోసమా? వాడతారు అంటే ఎవరు, దేనికి?

తర్వాత ఆప్షన్లను అరచేత్తో మూసి, వాక్యంలో మూడో మాట పెట్టి ఖాళీ తానే నింపుకోవాలి. "నేతగాడు ___ నేస్తాడు." బట్ట. ఇప్పుడు చెయ్యి తీసి చూస్తే బట్ట ఉంది. తాను అనుకున్న మాటే అక్కడ ఉండకపోవచ్చు. తాను "చీర" అనుకుని ఉంటే అక్కడ "వస్త్రం" ఉండొచ్చు. ఫరవాలేదు, అర్థం కలిస్తే చాలు. ప్రశ్నపత్రంలో వాడే మాటలు ఇంట్లో వాడే మాటల కంటే కాస్త బిగువుగా ఉంటాయి. బడికి పాఠశాల, డాక్టరుకు వైద్యుడు, కర్రకు కలప, కడవకు పాత్ర. ఇలాంటి జంటల జాబితా ఒకటి రాసి గోడకు అంటించండి.

రెండు ఆప్షన్లు సరిపోతే వాక్యం బిగించాలి

ఈ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చేయించండి. ఆప్షన్లు రెండింటికీ ఒకటే: గూడు, ఆకాశం, చెట్టు, రెక్కలు.

చేప : నీరు :: పక్షి : ?

పులి : గుహ :: పక్షి : ?

మొదటిదానికి "చేప నీటిలో ఉంటుంది" అంటే పక్షి గూటిలో ఉంటుంది, ఆకాశంలో ఉంటుంది, చెట్టు మీద ఉంటుంది. ఏదీ తేలదు. "చేప నీటిలో ఈదుతూ తిరుగుతుంది" అని బిగిస్తే "పక్షి ఆకాశంలో ఎగురుతూ తిరుగుతుంది". జవాబు ఆకాశం. రెండోదానికి "పులి గుహలో తలదాచుకుంటుంది", కాబట్టి గూడు. మూడో మాట మారలేదు, ఆప్షన్లు మారలేదు, జవాబు మారింది. మొదటి జతే జవాబును నిర్ణయిస్తుందని పిల్లలకు వంద మాటల్లో చెప్పేకన్నా ఈ రెండు ప్రశ్నలు చాలు.

బిగించినా తేలనివి కొన్ని ఉంటాయి. "గులాబి : పువ్వు :: మామిడి : ?" ఆప్షన్లు పండు, చెట్టు, తీపి, వేసవి. "గులాబి ఒక రకం పువ్వు" అంటే మామిడి ఒక రకం పండూ అవుతుంది, ఒక రకం చెట్టూ అవుతుంది. అప్పుడు రెండో మాటను చూడాలి. పువ్వు అనేది మొక్కకు కాసేది, పూసేది. దానికి సాటి పండు, చెట్టు కాదు. రెండో మాట ఏ జాతిదో జవాబు కూడా ఆ జాతిదే కావాలన్నది ఆఖరి జల్లెడ. ఈ జల్లెడ ఇంకోచోట కూడా కాపాడుతుంది. "కన్ను : చూపు :: చెవి : ?" కింద శబ్దం, వినికిడి, ముక్కు, కమ్మ ఉన్నాయి. చెవి అంటే శబ్దం అని వెంటనే తోస్తుంది. కానీ చూపు కన్ను చేసే పని, కంటికి కనబడే వస్తువు కాదు. చెవి చేసే పని వినికిడి. చెవికి అందేది శబ్దం. మొదటి జత "కన్ను : వెలుగు" అయి ఉంటే శబ్దమే జవాబు.

దిక్కు తప్పడం

తెలివైన పిల్లలు కూడా ఎక్కువగా పొరబడే చోటు ఇది. సంబంధం సరిగ్గా పట్టుకుంటారు, తలకిందులు చేస్తారు.

"పుస్తకం : పేజీ :: పువ్వు : ?" ఆప్షన్లు తోట, రేకు, వాసన, తీగ. "భాగం" అని పట్టుకున్న పిల్ల "పువ్వు తోటలో భాగం" అనుకుని తోట పెట్టేస్తుంది. మొదటి జతలో పెద్దది ముందు, చిన్నది తర్వాత ఉంది. పుస్తకంలో భాగం పేజీ, పువ్వులో భాగం రేకు. ఒక్క మాటతో "భాగం", "పనిముట్టు", "తల్లి పిల్ల" అని పేరు పెట్టుకుని ఆగిపోతే దిక్కు పోతుంది. అందుకే పేరు చాలదు, వాక్యమే కావాలి. వాక్యంలో మొదటి మాట ముందు రావాలన్న నియమం కూడా ఇందుకే.

ఖాళీ మూడో చోట ఉన్నప్పుడు ఇది ఇంకా తిప్పలు పెడుతుంది. "వైద్యుడు : ఆసుపత్రి :: ? : పాఠశాల". ఆప్షన్లు విద్యార్థి, ఉపాధ్యాయుడు, తరగతి, పుస్తకం. ఇక్కడ వాక్యాన్ని వెనకనుంచి చెప్పుకోవాలి: "ఆసుపత్రిలో వైద్యం చేసేవాడు వైద్యుడు. పాఠశాలలో పాఠం చెప్పేవాడు ఉపాధ్యాయుడు." అదే "రోగి : ఆసుపత్రి :: ? : పాఠశాల" అయితే సేవ అందుకోవడానికి వచ్చేవాడు, అంటే విద్యార్థి. "ఆసుపత్రిలో ఉంటాడు" అని వదులుగా అంటే ఈ రెండు ప్రశ్నలకూ తేడా తెలియదు.

జతలే ఆప్షన్లుగా ఇచ్చే రకం కూడా ఉంది. "కత్తెర : కోత" లాంటి జత ఏది? దారం : సూది, రాత : కలం, సూది : కుట్టు, బట్ట : దర్జీ. "కత్తెర చేసే పని కోత." ఒక్కో జతనూ అదే వాక్యంలో పెట్టాలి. "రాత చేసే పని కలం" పొసగదు. సంబంధం అదే, కానీ తలకిందులుగా ఉంది. జవాబు సూది : కుట్టు. ఈ రకంలో తలకిందుల జత ఒకటి ఉందేమో ముందే చూసుకుని కొట్టేయాలి.

ఏయే సంబంధాలు వస్తాయి

జాబితాలు బట్టీ పట్టించడం కంటే వరసలు కట్టించడం మేలు. వృత్తుల వరస చూడండి. మనిషి, పనిముట్టు, ముడిసరుకు, తయారయ్యేది అని నాలుగు గళ్లు గీసి ఇలా నింపాలి.

వడ్రంగి, ఉలి, కలప, తలుపు.
కమ్మరి, సుత్తి, ఇనుము, కొడవలి.
కుమ్మరి, సారె, మట్టి, కుండ.
నేతగాడు, మగ్గం, నూలు, బట్ట.
దర్జీ, సూది, బట్ట, చొక్కా.

ఒక్క వరసలో ఏ రెండు గళ్లను తీసుకున్నా ఒక జత. దిక్కు కూడా లెక్కిస్తే వరసకు పన్నెండు జతలు. ఐదు వరసలతో నెలకు సరిపడా ప్రశ్నలు తయారవుతాయి. నాలుగో వరసలో తయారైన బట్ట ఐదో వరసలో ముడిసరుకు అయింది, గమనించారా? "వడ్రంగి : కలప :: దర్జీ : ?" అంటే బట్ట. "వడ్రంగి : తలుపు :: దర్జీ : ?" అంటే చొక్కా. రెండు ప్రశ్నల్లోనూ బట్ట, చొక్కా రెండూ ఆప్షన్లుగా పెట్టి చేయించండి. పట్నం పిల్లలకు సారె, కొలిమి, ఉలి చూసిన అనుభవం ఉండదు. బొమ్మ చూపించండి, వీలైతే పని జరిగే చోటికి తీసుకెళ్లండి. చూసిన వస్తువు మాటగా ఎప్పటికీ నిలుస్తుంది.

జంతువుల వరసలకు తెలుగులో గళ్లు ఇంకా ఎక్కువ. ఆడ, మగ, పిల్ల, అరుపు, నివాసం, గుంపు. ఆవుకు ఎద్దు, గేదెకు దున్నపోతు, గొర్రెకు పొట్టేలు, మేకకు మేకపోతు, పెట్టకు పుంజు. పిల్లల్లో ఆవుకూ గేదెకూ దూడే, ఏనుగుకు గున్న, సింహానికి కొదమ. అరుపులు మన భాషకు సిరి: గుర్రం సకిలింపు, గాడిద ఓండ్ర, ఏనుగు ఘీంకారం, సింహం గర్జన, పులి గాండ్రింపు, నక్క ఊళ, పాము బుస, తుమ్మెద ఝంకారం, నెమలి క్రేంకారం. గుంపుల్లో గొర్రెల మంద, మిడతల దండు, చీమల బారు. వస్తువులకు కూడా ఉన్నాయి: ద్రాక్ష గుత్తి, అరటి గెల, కట్టెల మోపు, తాళాల గుత్తి. ఇంగ్లిషు మీడియం పిల్లలు తెలుగులో పరీక్ష రాస్తే ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే బడిలో ఇవి ఎక్కడా ఎదురుకావు. ఇంట్లో అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే ఈ ఒక్క పాఠం వాళ్లకే అప్పజెప్పండి.

సామాన్య శాస్త్రం నుంచి కొలతలు తప్పక చూసుకోవాలి. ఇక్కడ మూడు గళ్లు కలిసిపోతాయి: పరికరం, కొలిచేది, ప్రమాణం. థర్మామీటర్ కొలిచేది ఉష్ణోగ్రత, బారోమీటర్ కొలిచేది వాతావరణ పీడనం, లాక్టోమీటర్ చూసేది పాల చిక్కదనం, నీళ్లు కలిశాయా లేదా అన్నది. "థర్మామీటర్ : ఉష్ణోగ్రత :: గడియారం : ?" అంటే కాలం. సెకను అనే ఆప్షన్ పెడితే చాలామంది అటు పోతారు. సెకను ప్రమాణం. "పొడవు : మీటరు :: బరువు : ?" అంటే కిలోగ్రాము, తక్కెడ పరికరం. ఈ మూడు గళ్లను వేరుచేస్తూ ఒక పట్టిక రాయించండి.

విటమిన్లు, లోప వ్యాధులు: సి లోపిస్తే స్కర్వి, డి లోపిస్తే రికెట్స్, ఎ లోపిస్తే రేచీకటి, బి1 లోపిస్తే బెరిబెరి, అయోడిన్ తగ్గితే గాయిటర్. "విటమిన్ సి : స్కర్వి :: విటమిన్ డి : ?" లో ఎముకలు అనే ఆప్షన్ వల వంటిది. అది అవయవం, వ్యాధి కాదు.

దేశాలు, రాజధానులు, కరెన్సీలు, నృత్యాలు జనరల్ నాలెడ్జ్‌కు ఎలాగూ చదువుతారు. జపాన్‌కు యెన్, బంగ్లాదేశ్‌కు టాకా, ఆంధ్రప్రదేశ్‌కు కూచిపూడి, కేరళకు కథాకళి. సైనిక్ స్కూల్‌కు వెళ్లే పిల్లలకు సైనిక హోదాలు తెలిసి ఉండటం మంచిది: సైన్యానికి జనరల్, నౌకాదళానికి అడ్మిరల్, వైమానిక దళానికి ఎయిర్ చీఫ్ మార్షల్.

పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, మోతాదులో తేడా అన్నవి ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. "గోరువెచ్చన : మరిగే :: చల్లన : ?" ఆప్షన్లు వేడి, గడ్డకట్టే, నీరు, మంచు. మొదటి జత వ్యతిరేకం కాదు, అదే గుణం తీవ్రమైంది. కాబట్టి గడ్డకట్టే. మొదటి జతను చూడకుండా మూడో మాట దగ్గర మొదలుపెట్టినవాళ్లు చల్లనకు వ్యతిరేకం వేడి అని పెట్టేస్తారు. అలాగే "కలం : కాగితం :: సుద్దముక్క : ?" లో డస్టర్ అనే ఆప్షన్ వల వంటిది. సుద్దముక్క, డస్టర్ ఎప్పుడూ కలిసే వినబడతాయి. అయినా కలంతో రాసేది కాగితం మీద, సుద్దముక్కతో రాసేది నల్లబల్ల మీద.

సంఖ్యల పోలిక కూడా ఇదే విభాగంలో రావచ్చు, కానీ అక్కడ తీరు కాస్త వేరు. "4 : 16 :: 7 : ?" కు వర్గం అనుకుంటే 49, నాలుగు రెట్లు అనుకుంటే 28, పన్నెండు కలిపితే 19. అక్కడ మాత్రం ఆప్షన్లు చూశాకే ఏ సూత్రమో తేల్చుకోవాలి.

రెండర్థాల మాటలు, తెలియని మాటలు

"పన్ను : దవడ :: గోరు : ?" జవాబు వేలు. కానీ పన్ను అనగానే ఇంటిపన్ను తట్టిన పిల్లలు అక్కడే ఆగిపోతారు. కరం చెయ్యీ అవుతుంది, పన్నూ అవుతుంది. ఫలం పండూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. ఉదయం పొద్దూ అవుతుంది, సూర్యుడు పైకి రావడమూ అవుతుంది. వాక్యం కుదరకపోతే మొదట అనుమానించాల్సింది ఇదే. రెండో మాటను పట్టుకుంటే అర్థం దొరుకుతుంది. దవడతో పొసిగే పన్ను ఏదో చెప్పనక్కర్లేదు.

మాట అసలే తెలియకపోతే ప్రశ్న వదిలేయకూడదు. "క్రేంకారం : నెమలి :: ఘీంకారం : ?" కు ఏనుగు, అడవి, గుహ, తొండం ఇచ్చారనుకోండి. క్రేంకారం తెలియదు, ఘీంకారం తెలియదు. అయినా రెండో మాట ఒక ప్రాణి. ఆప్షన్లలో ప్రాణి ఒక్కటే ఉంది. పైగా ఝంకారం, ఓంకారం లాంటి మాటల్లాగే ఇవీ ధ్వనిని చెప్పే మాటలని ఊహించవచ్చు. ఇంకో ఉపాయం: రెండు ఆప్షన్లకు అర్థం ఒకటే అయితే (ఇల్లు, గృహం) రెండూ జవాబు కాలేవు, రెండింటినీ కొట్టేయొచ్చు. అదీ కుదరకపోతే వెనకనుంచి రావాలి: మూడో మాటకూ ఒక్కో ఆప్షన్‌కూ వాక్యం కట్టి, ఆ వాక్యంలో మొదటి జత ఇముడుతుందేమో చూడాలి.

ఆరు వారాల సాధన

రోజుకు పదిహేను నిమిషాలు చాలు. మొదటి రెండు వారాలు గడియారం వద్దు. రోజుకు పది ప్రశ్నలు, ప్రతిదానికీ వాక్యం పైకి చెప్పాలి. జవాబు సరైందే అయినా వాక్యం వదులుగా ఉంటే ఆ ప్రశ్నను తప్పుగానే లెక్కించండి. ఇది కఠినంగా కనిపిస్తుంది, కానీ వదులు వాక్యంతో వచ్చిన సరైన జవాబు రేపటి తప్పును దాచిపెడుతుంది. మూడు, నాలుగు వారాల్లో వాక్యం మనసులో చెప్పుకుంటూ పది ప్రశ్నలు ఆరు నిమిషాల్లో. చివరి రెండు వారాల్లో పది ప్రశ్నలు ఐదు నిమిషాల్లో, మిగతా ఇంటెలిజెన్స్ ప్రశ్నలతో కలిపి.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి. ప్రతి తప్పుకూ తాను చెప్పిన వాక్యం, చెప్పాల్సిన వాక్యం, కారణం రాయాలి. కారణాలు నాలుగే: మాట తెలియదు, వాక్యం వదులు, దిక్కు తప్పింది, మూడో మాట దగ్గరే మొదలుపెట్టాను. రెండు వారాలకు ఒకసారి లెక్కపెడితే ఎక్కడ పని చేయాలో తెలుస్తుంది. "మాట తెలియదు" ఎక్కువగా ఉంటే ప్రశ్నలు ఆపి చదివించండి. ఆ తప్పు మరిన్ని ప్రశ్నలు చేసినంత మాత్రాన పోదు. "దిక్కు" ఎక్కువగా ఉంటే వారం పాటు ఖాళీ మూడో చోట ఉన్నవే ఇవ్వండి.

వారానికి రెండు రోజులు పిల్లలే ప్రశ్నలు తయారు చేయాలి. సరైన జవాబు రాయడం తేలిక, తప్పు ఆప్షన్లు రాయడంలోనే నేర్పు ఉంది. ఒకటి తలకిందుల సంబంధం, ఒకటి వినగానే తట్టే జోడీ, ఒకటి ఇంకో గడిలోది. వల వేయడం నేర్చుకున్నవాళ్లు వలలో పడరు.

పక్కన కూర్చున్న పెద్దలు జవాబు చెప్పేయకండి. "తప్పు" అని కూడా అనకండి. "ఏం వాక్యం అనుకున్నావు కన్నా?" అని అడగండి. పది సార్లలో ఆరేడు సార్లు వాక్యం పైకి చెబుతుండగానే తమ తప్పు తామే దిద్దుకుంటారు.

పరీక్ష గదిలో

జవాబులు ఓఎంఆర్ షీటులో (గుండ్రాలు దిద్దే జవాబు పత్రంలో) బాల్ పెన్నుతో దిద్దాలి, దిద్దాక మార్చుకునే వీలుండదు. పోలిక ప్రశ్నల్లో పిల్లలు మనసు మార్చుకోవడం ఎక్కువ, కాబట్టి ముందు ప్రశ్నపత్రంలోనే జవాబు పక్కన చిన్న టిక్ పెట్టి, ఒక పేజీ పూర్తయ్యాక ఆ పేజీ జవాబులన్నీ ఒకేసారి షీటులోకి ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ప్రశ్న నంబరును వేలితో పట్టుకుని చూడాలి. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతిది ఆ వరసలో దిద్దితే అక్కడినుంచి అన్నీ ఒక్కో గడి జరిగిపోతాయి.

నలభై సెకన్లలో తేలని ప్రశ్నకు ప్రశ్నపత్రంలో నంబరు చుట్టూ సున్నా చుట్టి ముందుకు వెళ్లాలి. మైనస్ మార్కులు లేవు కాబట్టి ఆఖరి ఐదు నిమిషాల్లో ఆ సున్నాల దగ్గరికి తిరిగొచ్చి, కొట్టేయగలిగిన ఆప్షన్లు కొట్టేసి, మిగిలినవాటిలో ఒకటి తప్పకుండా దిద్దాలి. రెండు కొట్టేస్తే సగం అవకాశం చేతిలో ఉన్నట్టే. షీటు ఇచ్చేముందు 125 వరసల్లో ఖాళీ గడి ఒక్కటైనా ఉందేమో పైనుంచి కిందికి ఒకసారి చూసుకోవాలి.